మిద్దె మీద చుక్కలు, తీగలో మాటలు

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటి వచ్చేసరికి చాలావరకు ఖాళీ అయిపోయి ఉంటాయి, ఈశాన్యం మేఘాలేమో నెల్లూరు, తిరుపతి వైపు కురిసినంత ఇక్కడిదాకా వచ్చి కురవవు, అంటే రెండు వైపులా వాననీడే. దీనివల్ల రైతు పడే బాధ, వెయ్యి అడుగులు దాటిన బోర్లు, వలసలు, వీటి గురించి ఎంతోమంది రాశారు, ఇంకా రాయాలి కూడా. అయితే ఇదే వాననీడ వల్ల ఈ నేలకి ఇంకోటి కూడా దక్కింది, దాన్ని మాత్రం ఎవరూ లెక్కేసుకున్నట్టు కనపడదు. మబ్బు తక్కువ కాబట్టి చుక్కలు కనపడే రాత్రులు ఎక్కువ, గాల్లో తేమ తక్కువ కాబట్టి లెన్సు మీద మంచు పట్టడం తక్కువ, ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి చీకటి ఇంకా మిగిలే ఉంది. ఆకాశం చూడటం హాబీగా పెట్టుకున్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? బెంగళూరులో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు పాలపుంత చూడాలంటే శనివారం సాయంత్రం కార్లేసుకుని సిటీ వెలుగు కనపడనంత దూరం పోవాలి, కళ్యాణదుర్గం పక్క పల్లెలో ఉన్నవాళ్ళకి అది మిద్దె ఎక్కితే చాలు.

సైన్స్ హాబీ అనగానే చాలామంది ఇది డబ్బున్నవాళ్ళ వ్యవహారం అనుకుంటారు. ఆకాశం చూడటమైనా, హ్యామ్ రేడియో అనే సొంత వైర్‌లెస్ అయినా, వాన కొలవడమైనా ఇందులో డబ్బు కంటే ముందు పనికొచ్చేది చోటు, అంటే ఎక్కడ నిలబడి చూస్తున్నాం, ఎక్కడ తీగ కట్టాం అన్నది. కర్నూలు, అనంతపురం, కడప ఈ మూడు ఊర్లూ ఉన్న చోటు ఎట్లాంటిదో తెలిస్తే ఏ హాబీ ఇక్కడ బాగా కుదురుతుంది, ఏది కష్టపడితేగానీ కుదరదు అనేది అదే తేలిపోతుంది.

ముందు అక్షాంశం. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తరాన, కడప 14.5, కర్నూలు 15.8. ధ్రువనక్షత్రం ఎప్పుడూ మన అక్షాంశం ఎంతో అంత ఎత్తులోనే కనపడుతుంది, కాబట్టి ఇక్కడ అది ఉత్తరాన నేలకి 15 డిగ్రీల పైన మాత్రమే, చెయ్యి చాపి పిడికిలి పెట్టి చూస్తే పిడికిలిన్నర. పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డమొస్తే అయిపోయినట్టే, ధూళి లేచిన రోజుల్లో అయితే అసలే కనపడదు. ఉత్తరాన ఇట్లా పోయినదంతా దక్షిణాన వడ్డీతో సహా తిరిగొస్తుంది. అగస్త్య నక్షత్రం లండన్‌లో ఏ రోజూ ఉదయించదు, ఢిల్లీలో ఉదయించినా 9 డిగ్రీలు కూడా పైకి రాదు, అనంతపురంలో అయితే 22 డిగ్రీల పైకి వచ్చి ఫిబ్రవరి మొదట్లో రాత్రి 10 ప్రాంతంలో దక్షిణాన దీపంలా నిలబడుతుంది. ఆకాశం మొత్తంలో సిరియస్ తర్వాత అంత వెలుగున్న చుక్క అదే. మే నెల మధ్యలో రాత్రి 9 దాటాక చూస్తే సదరన్ క్రాస్ నాలుగు చుక్కలూ దక్షిణాన 15 డిగ్రీల ఎత్తులో నిలువుగా ఉంటాయి, ఆస్ట్రేలియా వాళ్ళు జెండా మీద పెట్టుకున్న చుక్కలు అవే, మన ఊర్లోంచి కనపడతాయని మనలో చాలామందికి తెలీదు. అవే రోజుల్లో రాత్రి 10 దాటాక ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు దాదాపు 28 డిగ్రీల పైకి వస్తుంది, కోటి దాకా నక్షత్రాలు, దాదాపు 17 వేల కాంతి సంవత్సరాల దూరం, మామూలు కంటికి మసక చుక్కలా, బైనాక్యులర్స్‌లో పత్తి ఉండలా కనపడుతుంది. యూరప్‌లో చాలామంది ఆస్ట్రానమీ హాబీ వాళ్ళు దీన్ని చూడాలంటే దక్షిణాన ఏ దేశానికో టికెట్ కొనుక్కోవాలి.

ఇందులో కడపకి ఒక చిక్కుంది. ఊరికి మూడు వైపులా నల్లమల, పాలకొండ కొండలు, దక్షిణాన పాలకొండలు కాస్త ఆకాశాన్ని తినేస్తాయి. అదే గండికోట పైకి పోతే పెన్నా లోయ అంచున చుట్టూ దిగంతం దాకా తెరిచినట్టు ఉంటుంది, అక్కడ టెంట్లు వేసుకునేవాళ్ళు రాత్రి మంట వేసి బ్లూటూత్ స్పీకర్ పెట్టుకునే బదులు ఒక గంట అన్నీ ఆర్పేసి వెల్లకిలా పడుకుంటే ఆ ఊరికి వచ్చినందుకు ఇంకో కారణం దొరుకుతుంది.

సీమ రైతులకి చుక్కల లెక్క కొత్తేమీ కాదు. కార్తెలంటే ఏమిటి, సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో ఆ పేరుతో పిలిచే పదమూడు పద్నాలుగు రోజులు, అట్లా ఏడాదికి 27. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయి అనేది ఎండ గురించిన మాట, మృగశిర వస్తే బుడ్డలు (వేరుశనగ) ఎప్పుడు వెయ్యాలా అనేది ఆలోచన. ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు, మృగశిర కార్తె నడిచేటప్పుడు మృగశిర చుక్కలు రాత్రి కనపడవు. సూర్యుడే అక్కడున్నాడు కదా, ఆ చుక్కలు సూర్యుడితో పాటు పగలు ఉదయించి సూర్యుడితోనే మునిగిపోతాయి. వాటిని చూడాలంటే ఆరు నెలలు ఆగి డిసెంబర్‌లో పొద్దుగూకినాక తూర్పున చూడాలి. పిల్లలకోడి కూడా అంతే, అవ్వలు పిల్లలకి చూపించే ఆ చిన్న చుక్కల గుంపు కృత్తికలే, కృత్తిక కార్తె మే నెలలో వస్తే చుక్కలు మాత్రం చలికాలం రాత్రుల్లో నడినెత్తికి దగ్గరగా వస్తాయి. ఈ ఒక్క ముడి విప్పి చెబితే పంచాంగంలో ఉన్నదీ, సైన్స్ పుస్తకంలో ఉన్నదీ ఒకటే ఆకాశం అని పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. ఇట్లా మన లెక్కలోంచి మొదలెట్టకుండా పాశ్చాత్యుల రాశుల బొమ్మలతో మొదలెట్టడం వల్లే ఆస్ట్రానమీ ఎక్కడిదో పరాయి విద్యలా అనిపిస్తోంది.

టెలిస్కోప్ ఊసు రాకముందే చేసుకోగలిగిన పని ఒకటుంది, దానికి ఒక మీటరు కర్ర చాలు. కర్కాటక రేఖకి దక్షిణాన ఉన్న ఊర్లన్నిట్లో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ మధ్యాహ్నం నిలువు కర్రకి నీడ పడదు. కడప, అనంతపురంలో ఇది ఏప్రిల్ ఆఖర్లో, మళ్ళీ ఆగస్టు రెండో వారంలో, కర్నూలులో మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు 9 ప్రాంతంలో. టైము సరిగ్గా 12 అనుకుంటే తప్పు, మన గడియారం టైము కాకినాడకి కాస్త తూర్పుగా పోయే 82.5 డిగ్రీల రేఖది, అనంతపురం దానికి దాదాపు 5 డిగ్రీలు పడమర కాబట్టి ఇక్కడ అసలు మధ్యాహ్నం 12:15 దాటాక అవుతుంది, ఆగస్టులో ఇంకో పది నిమిషాలు లేటు.

ఇప్పుడు కర్నూలులో నీడ మాయమైన రోజునే అనంతపురంలో ఒకరు అదే టైముకి కర్ర నిలబెట్టి చూస్తే సుమారు 2 సెంటీమీటర్ల నీడ పడుతుంది, అదీ దక్షిణం వైపు, ఎందుకంటే ఆ రోజుకి సూర్యుడు అనంతపురం దాటి ఉత్తరానికి పోయాడు. రెండు ఊర్ల మధ్య అక్షాంశంలో తేడా 1.15 డిగ్రీలు, ఉత్తర దక్షిణంగా దూరం 127 కిలోమీటర్ల దగ్గర. 127ని 360తో గుణించి 1.15తో భాగిస్తే 40 వేలకి కొంచెం తక్కువ వస్తుంది, భూమి చుట్టుకొలత అదే. రెండు కర్రలు, ఒక ఫోన్ కాల్, ఒక భాగాహారం. రెండు వేల రెండొందల ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో చేసింది ఇదే పద్ధతి. 2 సెంటీమీటర్లు కొలవడంలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే జవాబు రెండు వేల కిలోమీటర్లు మారిపోతుంది, అందుకే కర్ర నిటారుగా ఉందో లేదో మేస్త్రీ తూకం గుండుతో చూసుకోవాలి, కర్ర కొన సన్నగా ఉండాలి, నేల చదునుగా ఉండాలి. కొలతంటే ఏంటో, తప్పు ఎక్కడ్నుంచి దూరుతుందో పిల్లలకి తెలిసేది ఇట్లాంటి చోటే. ఈ నేల ఇట్లాంటి కొలతలు ముందే చూసింది, 1811లో బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ గొలుసులు పరిచి నేల మీద సర్వేకి పునాది గీతైన బేస్‌లైన్ కొలిచింది గుత్తి దగ్గరే, దేశం నడుమ దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన ఆ పెద్ద సర్వేలో రాత్రిళ్ళు చుక్కల ఎత్తు చూసి అక్షాంశం లెక్క కట్టేవాళ్ళు.

సొంత డబ్బుతో, సొంత సరదాతో ఆకాశం చూసిన తెలుగువాళ్ళు కూడా కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840ల్లోనే తన ఇంటి ఆవరణలో అబ్జర్వేటరీ కట్టుకున్నాడు, తర్వాత దాన్ని అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు నడిపాడు. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి ఈరోజు వేణు బాప్పు పేరుంది, ఆయన తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశాడు, బాప్పుకి చిన్నప్పుడే అక్కడే ఆకాశం పట్టుకుంది, 1949లో అమెరికాలో చదువుకునేటప్పుడు కనిపెట్టిన తోకచుక్కకి ఆయన పేరు పెట్టారు.

టెలిస్కోప్ కొనడం దగ్గర మాత్రం చాలామంది మోసపోతారు. బొమ్మల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ 60 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి డబ్బా మీద 500 రెట్లు, 600 రెట్లు అని రాసి అమ్ముతారు. లెన్సు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటి పెద్దది చేస్తే కనపడేది మసకే, అంటే 60 మిల్లీమీటర్లకి 120 రెట్లే హద్దు. పైగా ఆ స్టాండు గాలికి ఊగుతుంటుంది, పిల్లోడు రెండు రోజులు కుస్తీ పట్టి అటక మీద పెట్టేస్తాడు, ఆస్ట్రానమీ అంటే ఇంతే అనుకుంటాడు, అది చూస్తే బాధేస్తుంది. అదే డబ్బుకి 10×50 బైనాక్యులర్స్ వస్తాయి, గోడకి ఆనించో, మంచం మీద పడుకునో చూస్తే చంద్రుడి మీద గుంటలు, గురుడి పక్కన 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలు, పిల్లలకోడిలో కంటికి కనపడని డజన్ల చుక్కలు అన్నీ కనపడతాయి. శని వలయం చూడాలంటే మాత్రం పాతిక ముప్పై రెట్లు కావాలి, అప్పుడు ఆరు అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోప్ మంచిది, ప్లైవుడ్ పెట్టె మీద తోపుడు బండిలా తిరిగే మామూలు ఏర్పాటు, వడ్రంగి చేసిపెట్టగలడు.

ఇక రేడియో. ఇక్కడికొచ్చేసరికి ఎండిన నేల సగం మేలు, సగం కీడు.

హ్యామ్ రేడియో అంటే డబ్బు కోసం కాకుండా, నేర్చుకోవడానికీ మాట్లాడుకోవడానికీ సొంతంగా వైర్‌లెస్ స్టేషన్ పెట్టుకోవడం. మన దేశంలో 12 ఏళ్ళు నిండినవాళ్ళెవరైనా పరీక్ష రాసి కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు తీసుకోవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పాసైతే వీయూ3తో, చుక్కలూ గీతల మోర్స్ కోడ్ కూడా ఉన్న జనరల్ గ్రేడ్ పాసైతే వీయూ2తో మొదలయ్యే కాల్ సైన్ వస్తుంది, ఆ తర్వాత గాల్లో మనిషి పేరు కంటే ఆ కాల్ సైనే పేరు. లైసెన్సు లేకుండా చైనా వాకీ టాకీ కొని బటన్ నొక్కితే అది నేరం, ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో అవి చాలా సులువుగా దొరుకుతున్నాయి.

మిద్దె మీద కట్టే యాంటెన్నా సంగతి దగ్గరగా చూద్దాం. 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి డైపోల్ అనే తీగ యాంటెన్నా కావాలంటే పొడవు కోసం 143ని మెగాహెర్ట్జ్‌తో, అంటే 7.1తో భాగించాలి, 20 మీటర్లు వస్తుంది, దాన్ని మధ్యలో తెంపి ఒక్కో పక్క 10 మీటర్లు. కరెంటు షాపులో దొరికే మామూలు రాగి వైరు చాలు, రెండు కొసల్లో పీవీసీ పైపు ముక్కలు ఇన్సులేటర్లు, నైలాన్ తాడు, మధ్యలోంచి కోయాక్సియల్ కేబుల్ కిందికి. దీన్ని ఆకాశమంత ఎత్తులో కట్టలేకపోయామే అని బాధ పడక్కర్లేదు. నేల నుంచి ఏడెనిమిది మీటర్లే ఉన్నప్పుడు దాని తరంగాలు ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోయి, గాలి పైభాగాన విద్యుత్ కణాలుండే అయనోస్ఫియర్‌ని తాకి గొడుగులా చుట్టూ రెండు మూడొందల కిలోమీటర్ల మేర పడతాయి. పగటిపూట కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, కడప నుంచి చెన్నై మాట్లాడుకోవడానికి సరిగ్గా అదే కావాలి, మధ్యలో ఎన్ని కొండలున్నా పైనుంచి దిగే తరంగానికి అడ్డం కాదు. చేతిలో పట్టుకునే 144 మెగాహెర్ట్జ్ సెట్లకి మాత్రం కొండ అడ్డమే, అందుకే కడపలో కూర్చుని దూరం మాట్లాడాలంటే గుట్ట ఎక్కాలి, చుట్టూ చదును నేలుంటే వంద మీటర్ల గుట్ట మీదనుంచి నలభై కిలోమీటర్ల దాకా నేరుగా పోతుంది.

కీడు ఎక్కడంటే ఎర్తింగ్ దగ్గర. ఎండిపోయిన ఎర్ర నేల, కింద రాయి, కరెంటు సరిగ్గా పారదు, నిలువు యాంటెన్నాలు నేలని సగం యాంటెన్నాగా వాడుకుంటాయి కాబట్టి అవి ఇక్కడ నీరసంగా పనిచేస్తాయి. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలం బిందెలకొద్దీ నీళ్ళు పొయ్యడం అందరికీ తెలిసిందే, తాగడానికే కొరతగా ఉండే ఊర్లో అది కుదిరే పని కాదు. అందుకే సీమలో నేలతో పనిలేని డైపోలే సరైనది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములొస్తే కేబుల్ పీకి ఇంటి బయట పడెయ్యాలి, ఇందులో బద్ధకం పనికిరాదు, పిడుగులకి గొర్రెల కాపరులు పోతున్న జిల్లాలివి.

ఇంకో గొడవ గోల. రేడియో ఆన్ చెయ్యగానే బుస్స్‌మని వచ్చే ఆ చప్పుడంతా ఆకాశంలోంచి వచ్చేది కాదు, చవక ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ఫోన్ ఛార్జర్లు, మిద్దెల మీద సోలార్ ఇన్వర్టర్లు, దుమ్ము పట్టిన కరెంటు స్తంభాల ఇన్సులేటర్ల మీద చిన్న చిన్న నిప్పురవ్వలు, ఇవన్నీ కలిసి వచ్చేది. అంతలో వీధి మొత్తం కరెంటు పోతుంది. ఇంట్లో వాళ్ళు ఫ్యాన్ ఆగిందని విసుక్కుంటారు, 12 వోల్ట్ల బ్యాటరీ మీద సెట్ పెట్టుకున్న హ్యామ్‌కి మాత్రం అదే పండగ, బుస్స్ ఆగిపోయి అడుగున ఎక్కడో మునిగి ఉన్న గొంతు ఒకటి తేటగా పైకి వస్తుంది, ఎవరో కాల్ సైన్ చెప్తున్నారు, వెనక ఇంకొకరు సన్నగా. అదంతా ముందు నుంచీ అక్కడే ఉంది, మన ఇంటి గోల కింద వినపడలేదంతే.

రాత్రి అయ్యాక కడప ఆకాశవాణి పక్కన ఎక్కడెక్కడి స్టేషన్లూ దూరి రావడం పాత ట్రాన్సిస్టర్ విన్న ప్రతి ఇంటికీ తెలుసు. అయనోస్ఫియర్ అడుగున పగలు ఎండకి తయారయ్యే డి పొర మీడియం వేవ్ తరంగాల్ని మింగేస్తుంది, పొద్దుగూకినాక ఆ పొర కరిగిపోతుంది, పై పొరల నుంచి తరంగాలు తిరిగొస్తాయి. మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ కేరళ, తమిళనాడు దక్షిణ కొస మీదుగా పోతుంది, సీమ దానికి దగ్గరే. అందువల్ల సాయంత్రం తర్వాత కొన్ని గంటలు పై పొరలో బుడగలు లేస్తాయి, రేడియో గొంతు వణుకుతుంది, నీళ్ళలోంచి మాట్లాడినట్టు. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద నడిచే పెద్ద రాడార్‌తో శాస్త్రవేత్తలు చూసేవాటిల్లో ఈ బుడగలు కూడా ఉన్నాయి. యూరప్ వాళ్ళు రాసిన హ్యామ్ పుస్తకాల్లో ఇది పెద్దగా ఉండదు, వాళ్ళ ఆకాశంలో అది మామూలుగా జరగదు కాబట్టి. మన సాయంత్రాల గురించి మనమే రాసి పెట్టుకోవాలి.

ఈ హాబీ ఎందుకు ముఖ్యమో 2004 డిసెంబర్‌లో అందరూ చూశారు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం హాబీ ప్రసారాల కోసమే అండమాన్ వెళ్ళింది, వాళ్ళక్కడ ఉండగానే సునామీ వచ్చింది, పెట్టుకున్న సెట్లతోనే పోర్ట్ బ్లెయిర్ నుంచి మెయిన్‌ల్యాండ్‌కి సమాచారం పంపారు. మనకూ అట్లాంటి రోజులొచ్చాయి, 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర కర్నూలు ఊరిని ముంచేసింది, 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊర్లు కొట్టుకుపోయాయి. సెల్ టవర్‌కి కరెంటు పోతే బ్యాటరీ ఉండేది కొన్ని గంటలే, దారులు తెగితే డీజిల్ కూడా పోదు. ప్రతి మండలంలో ఒక్క హ్యామ్, ఒక కారు బ్యాటరీ, 20 మీటర్ల తీగ ఉంటే జిల్లా కేంద్రానికి మాట చేరే దారి ఒకటి మిగులుతుంది. ఇది ఆఫీసు ఆర్డరుతో రాత్రికి రాత్రి వచ్చే నేర్పు కాదు, రోజూ సరదాగా మాట్లాడుకునేవాళ్ళు ఉంటేనే ఆపద రోజున పనికొస్తుంది.

లైసెన్సు వచ్చేలోపు వినడానికే బోలెడుంది. అంతర్జాతీయ స్పేస్ స్టేషన్ నుంచి హ్యామ్ మాటలు 145.800 మెగాహెర్ట్జ్ మీద వస్తాయి, 400 కిలోమీటర్ల పైన పోతుంది కాబట్టి మామూలు చిన్న యాంటెన్నాకే వినపడుతుంది, ఒక్కోసారి మన మీదుగా పోయేది ఎక్కువలో ఎక్కువ పది నిమిషాలు. 2025 జులైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడినుంచి మన పిల్లలతో మాట్లాడింది హ్యామ్ రేడియోలోనే. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పోయిన 42.5 కేజీల హ్యామ్‌శాట్ అయితే ఈ హాబీ వాళ్ళ కోసమే ఇస్రో పంపిన శాటిలైట్, 2014 దాకా పనిచేసింది. టీవీ ట్యూనర్ చిప్‌తో చేసిన యూఎస్‌బీ డాంగిల్ ఒకటి ల్యాప్‌టాప్‌కి గుచ్చితే ఇట్లాంటివన్నీ తెర మీద గీతలుగా కనపడతాయి. గురుడు కూడా రేడియోలో వినపడతాడు, 1955లో ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఇంకేదో వెతుకుతుంటే తగిలింది. 20 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో 7 మీటర్ల డైపోల్ కట్టి అర్ధరాత్రి దాటాక వింటే, అదృష్టం ఉన్న రోజు, ఒడ్డున అలలు కొట్టినట్టు, ఒక్కోసారి రేకుల మీద గులకరాళ్ళు పడినట్టు వస్తుంది.

ఇంత ఉన్నా పోతున్నదీ ఉంది. హిందూపురం, లేపాక్షి వైపు నుంచి దక్షిణాన చూస్తే బెంగళూరు వెలుగు దిగంతం మీద ఎర్రబారిన మబ్బులా కనపడుతుంది, వంద కిలోమీటర్ల దూరం నుంచి. సదరన్ క్రాస్ వచ్చేది సరిగ్గా ఆ వైపే, 15 డిగ్రీల ఎత్తులోనే. ఊర్లలో పాత సోడియం లైట్లు పోయి తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాయి, కరెంటు ఆదా మంచిదే, కానీ ఆ తెల్ల వెలుగులో నీలం వంతు ఎక్కువ, నీలం గాల్లో ఎక్కువ చెదురుతుంది, పగలు ఆకాశం నీలంగా ఉండటానికి కారణం ఏదో రాత్రి చుక్కలు మాయమవడానికీ అదే. లైటుకి పైన ఒక టోపీ పెట్టి వెలుగంతా రోడ్డు మీదకే పడేట్టు చేస్తే, కాస్త పసుపు రంగు బల్బు వేస్తే సగం సమస్య తీరుతుంది, దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. లద్దాఖ్‌లో హాన్లే చుట్టూ 2022లో డార్క్ స్కై రిజర్వ్ ప్రకటించారు, అక్కడి పల్లె జనానికే టెలిస్కోపులిచ్చి టూరిస్టులకి ఆకాశం చూపించే పని నేర్పారు. గండికోటకి, బెలుం గుహల వైపుకి టూరిస్టులు ఎట్లాగూ వస్తున్నారు, చీకటి ఇంకా ఉంది, ఆ పని ఇక్కడ ఎందుకు చెయ్యకూడదో అర్థం కాదు.

డిసెంబర్ 13, 14 రాత్రుల్లో రెండు హాబీలూ ఒక్క మిద్దె మీద కలుస్తాయి. జెమినిడ్స్ ఉల్కలు ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి, సెకనుకి 35 కిలోమీటర్ల వేగంతో వచ్చి మండిపోతాయి, అవి వచ్చే దిక్కు అర్ధరాత్రి దాటాక మన నెత్తికి దగ్గరగా 70 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, ఈశాన్యం వానలు కూడా అప్పటికి దాదాపు వెళ్ళిపోయి ఉంటాయి. దుప్పటి కప్పుకుని పడుకుని, కళ్ళు చీకటికి అలవాటవడానికి ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టకుండా ఉండి లెక్కపెట్టడం మొదలెట్టాలి. పక్కన ఎఫ్ఎం రేడియో ఒకటి, మన ఊర్లో ఏ స్టేషనూ రాని, ఏడెనిమిది వందల కిలోమీటర్ల అవతల స్టేషన్ ఉన్న ఫ్రీక్వెన్సీ మీద పెట్టాలి. మామూలుగా అయితే ఉత్త బుస్సే. ఉల్క ఒకటి వంద కిలోమీటర్ల ఎత్తులో మండినప్పుడు దాని వెనక మిగిలే విద్యుత్ గీత ఒక క్షణం అద్దంలా ఆ స్టేషన్‌ని కిందికి తిప్పుతుంది, అప్పుడు బుస్స్ మధ్యలో ఒక పాట ముక్క, లేదంటే ఏదో భాషలో సగం మాట, అర సెకను వచ్చి పోతుంది. మనకి కనపడే ఉల్కా, రేడియోలో దొరికే ఉల్కా చాలాసార్లు ఒకటి కాదు, అయినా రెండు లెక్కలూ వేరు వేరుగా రాసుకుంటే ఏ గంటలో ధూళి దట్టంగా ఉందో రెండిట్లోనూ తేలుతుంది.

ఆ లెక్కకి విలువుంది. అంతర్జాతీయ ఉల్కల సంస్థ 1988 నుంచి ఇట్లాంటి మామూలు మనుషుల లెక్కలే పోగుచేస్తోంది, వెలుగు మారే చుక్కల కోసం అమెరికాలో ఒక సంఘం 1911 నుంచీ ఇదే పని చేస్తోంది. ఉల్కల జోరు ఒక్కోసారి కొన్ని గంటలే ఉంటుంది, ఆ గంటల్లో అమెరికాలో పగలైతే వాళ్ళకేం కనపడదు, చూడాల్సింది మన రేఖాంశం మీద రాత్రి మేలుకున్నవాళ్ళే. కాగితం మీద రాయాల్సింది ఎక్కువేం లేదు, మొదలెట్టిన టైము, ఆపిన టైము, ఊరి అక్షాంశం రేఖాంశం, ఆకాశంలో ఎంత భాగం మబ్బు, కంటికి కనపడిన అతి మసక చుక్క ఏది, ఎన్ని ఉల్కలు. మబ్బు అన్న గడిలో అనంతపురం వాళ్ళు చాలా రాత్రులు సున్నా అని రాయగలరు.